రెండో పూలింగ్ పేచీ: 2015లో ఏం జరిగింది?

రాజధాని అమరావతి కోసం తుళ్లూరు, అమరావతి మండలాల్లో 16 వేలకు పైగా ఎకరాలకు రెండో విడత భూసమీకరణ (పూలింగ్: రైతు భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవడం) అనగానే, ఆ ప్లాట్లు ఎప్పుడిస్తారన్న పాత పేచీ మళ్లీ రాజుకుంది. రాష్ట్ర విభజన, రాజధాని ఎంపిక అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2015 జనవరిలో మొదలైన మొదటి పూలింగ్.

అప్పటిదాకా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పెద్ద పెట్టుబడి అంటే సర్కారుదే. కృష్ణ మీద 1855 నాటి ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ, ఆపైన సాగర్ కాలువలు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం. ప్రైవేటు డబ్బు వాటి వెనకే వచ్చింది: రైసు మిల్లులు, ఆటోనగర్ షెడ్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. పంట మీద మిగిలిన సొమ్ములో చాలా భాగం యంత్రాల్లోకి కాకుండా స్థలాల్లోకి, హైదరాబాద్‌కి పోయింది.

2015లో ఈ వరస తిరగబడింది. చేతిలో డబ్బు లేని కొత్త రాష్ట్రం రైతు భూమినే పెట్టుబడిగా తీసుకుంది. దాదాపు 34 వేల ఎకరాలు! మెట్ట ఎకరం ఇచ్చిన రైతుకు తిరిగి ఇంటి స్థలంగా 1000 గజాలు, వ్యాపార స్థలంగా 250 గజాలు. జరీబుకైతే (ఏటి ఒడ్డున నీటి వసతి ఉండే సారవంతమైన భూమి) ఆ 250 కాస్తా 450. పైన పదేళ్లు ఏటా కౌలు. భూమి ముందే చేతులు మారింది, ప్లాటు విలువ మాత్రం సర్కారు వేసే రోడ్డు మీద ఆధారపడింది.

మన దగ్గర ఎకరం ధర పెరిగితే పెట్టుబడి వచ్చిందంటారు. కానీ అసలు పెట్టుబడిని కొలిచే స్థిర మూలధనం లెక్కలో భూమి కొనుగోలు చేరదు; రోడ్డు, డ్రైనేజీ, భవనం చేరతాయి. సగం కట్టి వదిలేసినవీ చేరతాయనుకోండి! సచివాలయం టవర్ల పునాదులు అలాంటివే. 2019లో పనులు ఆగాక ఏళ్ల తరబడి నీళ్లలో నానితే, 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి వాటి పటుత్వం పరీక్షించాల్సి వచ్చింది. ఒక్క నగరానికి లక్ష కోట్లు ఎక్కడ తేవాలన్నది 2019లో పనులు ఆపిన వైసీపీ ప్రభుత్వ వాదన.

రైతుల ప్లాట్లు మూడు నెలల్లో అభివృద్ధి చేసి ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఆ గడువుపై నవంబర్‌లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) చెరో దాదాపు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాయి. 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి.

విమానాశ్రయానికి, రింగ్ రోడ్డుకు, రైల్వే లైనుకు ఇంకా భూమి కావాలంటోంది ప్రభుత్వం. మొదటి విడత రైతులేమో ముందు తమ ప్లాట్లకు రోడ్డు, డ్రైనేజీ, నీళ్లు, కరెంటు ఇచ్చాకే కొత్తది మొదలెట్టమంటున్నారు. పదేళ్లు ఎదురుచూసినవాళ్లకు ఆ మాట అనే హక్కుంది. కొత్త గ్రామాల వాళ్లు ఇంకో అడుగు వేసి, ప్లాటు ఎప్పటికి తయారవుతుందో ఒప్పందంలోనే రాయమంటున్నారు.