పలాస జీడితోట ఆర్కిటిక్ సముద్రంలో: ఆబ్జెక్ట్-రిలేషనల్ డేటాబేస్ మీద అపోహలు, వాస్తవాలు

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టు పేరుతో మా దగ్గరికి వస్తుంటారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఒరాకిల్‌లో ఆబ్జెక్ట్ టైప్‌లు వాడితే ఇంక జాయిన్‌లు రాయక్కర్లేదట కదా?" ఒరాకిల్ ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్. కొన్ని గళ్లని కలిపి మనమే కట్టుకున్న రకం ఆబ్జెక్ట్ టైప్, దాన్ని టేబుల్‌లో పెట్టనిచ్చేది ఆబ్జెక్ట్-రిలేషనల్ డేటాబేస్. రెండు టేబుళ్లని జతచేసి జవాబు తేవడం జాయిన్. నేను విజయనగరంలో ఉండి రైస్ మిల్లులకీ, పలాస వైపు జీడిపప్పు వ్యాపారులకీ, ఒకటి రెండు నర్సింగ్ హోములకీ డేటాబేస్‌లు చూసుకుంటాను. ఆ ప్రశ్నకి నోటితో చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఒకసారి రాసి పెడితే లింకు పంపేయొచ్చని ఇది.

అపోహ: ఆబ్జెక్ట్-రిలేషనల్ వచ్చాక టేబుళ్ల కాలం అయిపోయింది.

టేబుళ్లు ఎక్కడికీ పోలేదు. డేటాని టేబుళ్లుగా చూడమని ఐబీఎమ్‌లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో పేపరు రాశాడు. 1980లలో శుద్ధ ఆబ్జెక్ట్ డేటాబేస్‌లు వచ్చి, ఇక టేబుళ్లతో పని లేదన్నాయి. అదే సమయంలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మధ్యే దారి పట్టాడు: టేబుల్ అలాగే ఉంటుంది, అందులో పెట్టే విలువ మాత్రం మనం కట్టుకున్న రకానిది కావచ్చు. 1986లో మొదలైన ఆయన ప్రాజెక్టు పోస్ట్‌గ్రెస్ నుంచే ఇలస్ట్రా అనే కంపెనీ పుట్టింది. దాన్ని ఇన్ఫార్మిక్స్ అనే ఇంకో డేటాబేస్ కంపెనీ కొన్నది. ఇన్ఫార్మిక్స్ డేటాబేస్ వ్యాపారాన్ని 2001లో ఐబీఎమ్ కొన్నది. ఒరాకిల్ తన 8వ వెర్షన్‌లో, 1997లో, ఈ సౌకర్యాలు తెచ్చింది. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, దాని 1999 నాటి ప్రమాణంలోకీ ఇవి ఎక్కాయి. చేతులు ఎన్ని మారినా గెలిచింది ఆ మధ్యే దారే.

ఒరాకిల్‌లో మూత తీసి చూడండి. ఆరు గళ్లున్న అడ్రసు టైప్‌ని ఒక కాలమ్‌గా పెడితే, లోపల ఆ ఆరూ మామూలు కాలమ్‌లుగానే ఉంటాయి, పైకి కనిపించవంతే. టేబుల్‌కి మామూలుగా ఉండే 1000 కాలమ్‌ల పరిమితి లెక్కపెట్టేటప్పుడు ఆ దాగినవీ లెక్కలోకి వస్తాయి.

అపోహ: అడ్రసుని ఆబ్జెక్ట్‌గా పెడితే ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది.

ఈ అపోహ నాదే. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను.

వ్యవసాయ పనిముట్లు అమ్మే ఒక డీలరుకి నేనే డిజైన్ చేసి ఇచ్చాను. డోర్ నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా, పిన్ కలిపి ఒక అడ్రసు టైప్. కస్టమర్లలోనూ అదే, సరఫరాదారుల్లోనూ అదే, బిల్లుల్లోనూ అదే. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ, సాలూరు కొత్తగా వచ్చిన పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. డీలరు గారి నుంచి ఫోను: "ఏటి బాబూ, రాజాం పార్టీకి బిల్లు కొడితే ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే వస్తంది?"

"ఐదు నిమిషాలండీ" అన్నాను. ఐదు రోజులు పట్టింది.

టైప్ అనేది జంతికల గొట్టంలో బిళ్ళ లాంటిది. బిళ్ళ మార్చినంత మాత్రాన అప్పటికే మూకుడులో వేగిన జంతికల ఆకారం మారదు కదా. జిల్లా పేరు టైప్‌లో లేదు, ప్రతి రోలోనూ (టేబుల్‌లోని ఒక్కో అడ్డు వరుసలోనూ) విడివిడిగా ఒక కాపీ ఉంది. పైగా ఆ గడిలో టైపు చేసింది మనుషులు. ఒకచోట శ్రీకాకుళం, ఒకచోట శ్రీకాకుళం జిల్లా, ఇంకోచోట సిక్కోలు. ఊరిపేరు జిల్లా గడిలో పడినవీ ఉన్నాయి.

దాంతో మండలాలకి వేరే టేబుల్ పెట్టాను. ఒక్కో మండలానికి ఒక కోడు, పక్కన జిల్లా. కస్టమరు రోలో మండలం కోడు మాత్రమే ఉంటుంది. రేపు మళ్లీ హద్దులు మారితే మారాల్సింది ఆ మండలాల రోలే. కాడ్ 1970 నుంచి మొత్తుకున్నది ఇదే, నాకు ఎక్కడానికి 2022 దాకా పట్టింది.

ఇక్కడితో అయిపోలేదు. ఊపులో పాత బిల్లుల్లో కూడా జిల్లా మార్చేశాను. ఆడిటరు గారు పట్టుకున్నారు. 2021లో ఇచ్చిన కాగితం మీద శ్రీకాకుళం జిల్లా అని ఉంది, కంప్యూటర్లో విజయనగరం అని ఉంది. ఆయన అడిగింది న్యాయమే. బిల్లు అంటే ఆ రోజున జరిగినదానికి సాక్ష్యం, అందులో అడ్రసు ఆ రోజు ఎలా ఉందో అలాగే గడ్డకట్టి ఉండాలి. అంటే బిల్లు టేబుల్‌లో అడ్రసుని ఆబ్జెక్ట్‌గా పొదగడం తప్పు కాదు, అక్కడ అదే సరైన పని. కస్టమరు దగ్గర తప్పు. ఒకే టైప్, రెండు టేబుళ్లు, ఒకదానిలో మందు, ఒకదానిలో విషం. బ్యాకప్‌లోంచి బిల్లుల టేబుల్ వెనక్కి తెచ్చుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అపోహ: రెఫ్ వాడితే జాయిన్ ఉండదు, ఫారిన్ కీ కూడా అక్కర్లేదు.

పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. రెఫ్ అంటే ఇంకో టేబుల్‌లోని ఆబ్జెక్ట్‌కి చూపుడువేలు. ఫారిన్ కీ అంటే ఇంకో టేబుల్‌లో నిజంగా ఉన్న కోడునే రాయనిచ్చే కట్టుబాటు. కస్టమర్ చుక్క మండలం చుక్క జిల్లా అని రాస్తే చాలు, నిజమే, అందంగా ఉంటుంది. కానీ ఆ చుక్కల వెనక ఒరాకిల్ చేసేది జాయినే, మీరు రాయలేదంతే. ఇక ఆ మండలం రోని ఎవరైనా డిలీట్ చేస్తే రెఫ్ గాలిలో వేలాడుతుంది. ఎర్రర్ రాదు, జిల్లా గడి ఖాళీగా వస్తుంది. వేలాడుతున్నవాటిని పట్టుకోవడానికి 'ఈజ్ డ్యాంగ్లింగ్' అనే షరతు ఉంది. అసలు వేలాడకుండా రెఫ్ కాలమ్ మీద కన్‌స్ట్రెయింట్ (అలాంటి కట్టుబాటు) పెట్టుకోవచ్చు, కానీ అది మనమే అడిగి పెట్టించుకోవాలి.

అపోహ: టైప్ మనం రాసిందే కదా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఒక నర్సింగ్ హోములో పేషెంటు కాంటాక్ట్ టైప్‌కి వాట్సాప్ నంబరు చేర్చమన్నారు. మా జూనియరు హుషారుగా 'క్రియేట్ ఆర్ రీప్లేస్ టైప్' కొట్టాడు. ఓఆర్ఏ-02303 అని ఎర్రర్ వచ్చింది. దీని మీద టేబుళ్లు ఆధారపడి ఉన్నాయి, మార్చనివ్వను అని దానర్థం. ఫోర్స్ అని తగిలించాడు, టేబుల్ ఉంటే దానికీ వినదు. "అన్నా, టేబుల్ డ్రాప్ చేసి మళ్లీ పెట్టేద్దామా?" అన్నాడు. అందులో నాలుగేళ్లుగా ఎక్కించిన పేషెంట్ల వివరాలున్నాయి నాయనా అని కుర్చీ లాక్కున్నాను.

దారి ఏమిటంటే 'ఆల్టర్ టైప్'తో గడి చేర్చి 'క్యాస్కేడ్' అనాలి. అప్పుడు ఆధారపడిన టేబుళ్లకీ మార్పు పాకుతుంది. పెద్ద టేబుళ్లయితే ఓపీ నడిచే వేళలో ముట్టుకోకండి. ఇంకో మెలిక ఉంది. ఐదు విలువలిచ్చి ఆ ఆబ్జెక్ట్‌ని తయారుచేసే పాత కోడు ఆరోది ఏదీ అని మొరాయిస్తుంది. మేం ఐదు విలువలతోనే ఆబ్జెక్ట్‌ని కట్టే కోడు (కన్‌స్ట్రక్టర్) ఒకటి విడిగా రాసి గట్టెక్కాం.

అపోహ: ఆబ్జెక్ట్ టైప్‌లు పరీక్షలో మార్కులకే, బయట ఎవరూ వాడరు.

మొదటి అపోహకి ఇది కవల. మ్యాపు మీద చోటు దాచడానికి ఒరాకిల్ ఇచ్చే ఎస్‌డీవో జామెట్రీ అచ్చంగా ఆబ్జెక్ట్ టైపే. పాయింటూ, గీతా, తోట సరిహద్దూ, ఏదైనా ఒకే కాలమ్‌లో కూర్చుంటాయి. ఈ తోటకి 5 కిలోమీటర్ల లోపు ఉన్న తోటలేవి అని నేరుగా అడగొచ్చు. ఇలాంటి చోట నేను ఆబ్జెక్ట్‌నే ఎంచుకుంటాను. సరిహద్దులోని వంద మూలల్ని వంద రోలుగా విడగొట్టి పెట్టుకునే ఓపిక నాకు లేదు.

పలాసలో ఒక జీడి వ్యాపారి తను గింజలు కొనే తోటలన్నీ మ్యాపు మీద కావాలన్నారు. కుర్రాళ్లు ఫోన్లో లొకేషన్ చూసి అంకెలు ఎక్కించారు. తెర మీద మ్యాపు తెరిస్తే ఉద్దానం ఖాళీ! తోటలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర, స్వాల్‌బార్డ్ దీవులకి పైన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతున్నాయి. ఇక్కడికి 7,000 కిలోమీటర్ల పైమాటే. ఆయన కాసేపు చూసి, "జీడికి సలి పడదు బాబూ" అన్నారు.

జరిగింది చాలా చిన్నది. ఫోన్లో మ్యాపు చూస్తే అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత చూపిస్తుంది: 18.77, 84.42. ఒరాకిల్ అడిగేది ఎక్స్ ముందు, వై తర్వాత, అంటే రేఖాంశం ముందు. తిరగేసి ఇస్తే 84.42 అక్షాంశం అయిపోతుంది. 90 లోపే కాబట్టి అది చెల్లుబాటయ్యే విలువే, ఎర్రర్ ఎందుకొస్తుంది? ముంబై వైపు వాళ్లకీ ఇదే కథ జరుగుతుంది, వాళ్ల రేఖాంశం 73 కూడా 90 లోపే. ఇప్పుడు ఏ కొత్త ప్రాజెక్టులోనైనా ముందే ఒక చెక్ పెడతాను. రేఖాంశం 82కీ 85కీ మధ్య, అక్షాంశం 17కీ 20కీ మధ్య లేకపోతే లోపలికి రానివ్వను.

అపోహ: 20 అక్షరాల కాలమ్‌లో శ్రీకాకుళం పట్టదా ఏమిటి?

పట్టదు. అక్షరాలు దాచే కాలమ్‌కి రాసే వర్‌చార్2(20) అంటే మామూలు సెట్టింగులో 20 బైట్లు, 20 అక్షరాలు కాదు. శ్రీ, కా, కు, ళం అని మనం చదివేవి నాలుగు. ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం ఇలా విడగొడితే 10. ఆ సంకేతాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 30. ఓఆర్ఏ-12899 ఎర్రర్ వస్తుంది, ఎంత వచ్చిందో ఎంత పడుతుందో కూడా చెబుతుంది. విజయనగరానికి 24 కావాలి, అదీ పట్టదు. 20 పక్కన 'చార్' అని రాయండి, సరిపోతుంది. ఆబ్జెక్ట్ టైప్ లోపలి గడులకీ ఇది రాయాలి. అక్కడ మర్చిపోతే పైన చెప్పిన ఆల్టర్ టైప్ తిప్పలన్నీ పడాలి.

అపోహ: కమర్షియల్ డేటాబేస్ అంటే లక్షలు పొయ్యాలి.

ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి పొయ్యాలి. చిన్న మిల్లుకి ఒరాకిల్ ఉచిత ఎడిషనే చాలు. 12 జీబీ యూజర్ డేటా, 2 జీబీ ర్యామ్, 2 సీపీయూ థ్రెడ్‌లు దాని హద్దు, ఆబ్జెక్ట్ టైప్‌లు అందులోనూ పనిచేస్తాయి. మ్యాపుల వసతికి ఒకప్పుడు విడిగా డబ్బు కట్టాలి, 2019 డిసెంబరు నుంచి అక్కర్లేదు. ఉచిత దానికి కంపెనీ సపోర్టు ఉండదు, అది తెలిసి వాడుకోవాలి.

అపోహ: ఒరాకిల్ కదా, కరెంటు పోయినా డేటా పోదు.

సగం నిజం. కమిట్ అయింది, అంటే మార్పు ఖాయమైంది అని మీకు చెప్పేలోపే ఆ మార్పుని రీడో లాగ్ అనే చిట్టాలోకి డిస్కు మీద రాసేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు టెక్కలి వైపు ఒక మిల్లులో యూపీఎస్ కూడా చచ్చింది, సర్వరు ధబీమని ఆగింది. కరెంటు వచ్చి ఆన్ చేస్తే లాగ్ చదువుకుని తనే లేచింది, ఆఖరి తూకం చీటీతో సహా. గుమస్తా దండం పెట్టాడు.

కానీ అదే గదిలో రేకు లేచిపోయి వాన కురిసింది. సర్వరు మీద టార్పాలిన్ కప్పారు కాబట్టి సరిపోయింది. బ్యాకప్ డ్రైవ్ ఎక్కడుందని అడిగితే, సర్వరు నెత్తి మీదే ఉంది, తడిసి ముద్దయి. రీడో లాగ్ ఉన్న డిస్కే తడిసి ఉంటే ఏ ఒరాకిల్ ఏం చేస్తుంది? ఇప్పుడు రెండు డ్రైవ్‌లున్నాయి. శనివారం ఒకటి ఓనరు గారి బావమరిది ఇంటికి బొబ్బిలి వెళ్తుంది, ఇంకోటి వస్తుంది. మూడు నెలలకోసారి దాన్ని తెప్పించి ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి చూస్తాను. పోయినసారి 40 నిమిషాలు పట్టింది.