వాల్వ్ స్ప్రింగులను ఇంట్లో మార్చుకోవడం: అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఇంజను పని చేసే మా వద్దకు, తమ కారు పని తామే చేసుకోవాలనే ఉత్సాహం ఉన్నవారు కూడా సలహా కోసం వస్తుంటారు. ఇంజను వాల్వులను, అంటే సిలిండరులోకి గాలి-పెట్రోలు రావడానికీ పొగ పోవడానికీ ఉన్న తలుపులను, మూసి ఉంచే వాల్వ్ స్ప్రింగుల విషయంలో వారి మాటల్లో తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను. ఇది పెట్రోలు ఇంజన్లను దృష్టిలో పెట్టుకొని రాసినది.

అపోహ: సైలెన్సరు నుంచి నీలిపొగ వస్తే స్ప్రింగులు మెత్తబడినట్టే.

వాస్తవం: నీలిపొగ అంటే ఆయిలు కాలుతోందని అర్థం, ఆయిలును ఆపడం స్ప్రింగు పని కాదు. రాత్రంతా నిలిపిన బండిని ఉదయం స్టార్టు చేయగానే పొగ వచ్చి కాసేపటికి తగ్గిపోయినా, గువ్వలచెరువు ఘాట్ దిగుతూ యాక్సిలరేటరు వదిలేసి మళ్లీ తొక్కినప్పుడు గుప్పున వచ్చినా, ముందుగా అనుమానించవలసింది వాల్వ్ సీళ్లను (వాల్వు కాడ వెంట ఆయిలు దిగకుండా ఆపే రబ్బరు మూతలు), ఆ తరువాత వాల్వ్ గైడ్లను (కాడ కదిలే గొట్టాలు). ఎత్తు ఎక్కేటప్పుడు బరువు మీద ఎడతెగకుండా పొగ వస్తుంటే పిస్టను రింగులు, సిలిండరు బోరు చూడాలి. మెత్తబడిన స్ప్రింగు లక్షణం వేరు: మామూలు వేగంలో బాగానే ఉన్న ఇంజను, తిరిగే వేగం పెరిగేకొద్దీ వాల్వును సకాలంలో మూయలేక మిస్ కొడుతుంది, లాగుడు తగ్గుతుంది. విరిగిన స్ప్రింగైతే ఆ ఒక్క సిలిండరు అన్ని వేగాలలోనూ తేడాగా ఉంటుంది, చాలాసార్లు వాల్వ్ కవరు కింద టక్కుటక్కుమనే శబ్దం కూడా తోడవుతుంది.

అపోహ: రాయలసీమ ఎండకు స్ప్రింగులు త్వరగా చచ్చిపోతాయి.

వాస్తవం: నడుస్తున్న ఇంజనులో స్ప్రింగులు ఎలాగూ దాదాపు వంద డిగ్రీల వేడి ఆయిలులో తడుస్తూనే ఉంటాయి, కాబట్టి బయట 30 డిగ్రీలున్నా 42 ఉన్నా వాటికి పెద్ద తేడా లేదు. అయితే రేడియేటరులో కూలెంటుకు బదులు ఉప్పు బోరునీళ్లు పోసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. ఆ నీటితో లోపల పెచ్చు కట్టి ఇంజను పదేపదే వేడెక్కితే ముందు గట్టిపడేది వాల్వ్ సీళ్ల రబ్బరు. అప్పుడు పొగ మొదలవుతుంది, నింద మాత్రం స్ప్రింగు మీద పడుతుంది.

అపోహ: స్ప్రింగు మార్చాలంటే ఇంజను పైభాగమైన హెడ్డు దించి తీరాలి.

వాస్తవం: అక్కరలేదు. స్ప్రింగును వాల్వు కాడకు పట్టి ఉంచే చిన్న ముక్కలైన లాకులు తీసినప్పుడు వాల్వు సిలిండరులోకి జారిపోకుండా కింది నుంచి ఆనిక ఉంటే చాలు. అందుకు రెండు పద్ధతులున్నాయి. ప్లగ్గు రంధ్రానికి అడాప్టరు బిగించి కంప్రెసరు గాలిని సుమారు ఆరేడు బార్ల పీడనంతో నింపడం మొదటిది. గాలి పిస్టనును కిందికి తోసి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకును ఒక్కసారిగా తిప్పేయగలదు గనుక, ఆ పిస్టనును సరిగ్గా పైకొసకు తెచ్చి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, క్రాంకు బోల్టు మీద పానా మిగిలిపోకుండా చూసుకోవాలి. రెండోది తాడు పద్ధతి: కంప్రెషన్ స్ట్రోకులో పిస్టను పైకొసకు కొంచెం దిగువన ఉండగా శుభ్రమైన నైలాను తాడును ప్లగ్గు రంధ్రం గుండా లోపలికి దోపి, కొస బయటే ఉంచి, తాడు వాల్వులకు గట్టిగా ఆనేదాకా క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పడం. సెల్ఫ్ మోటారు వాడకూడదు, పీచు రాలే జనపతాడు అసలే పనికిరాదు. ఇంట్లో చేసేవారికి నేను తాడునే సూచిస్తాను, ఎందుకంటే పని మధ్యలో కరెంటు పోయినా తాడు తన పని మానదు.

అయితే ఇది అన్ని కార్లకూ ఒకేలా సులువు కాదు. పాత అంబాసిడర్ వంటి పుష్‌రాడ్ ఇంజనులో (క్యామ్‌షాఫ్టు, అంటే వాల్వులను తెరిచే ఇరుసు, కింద ఉండి కడ్డీలతో వాల్వులను కదిపేది) పైనున్న రాకర్ షాఫ్టు విప్పితే స్ప్రింగులు చేతికందుతాయి. స్విఫ్టులో వచ్చిన కె12 వంటి రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజనులో టైమింగ్ చైను వదులు చేసి, క్యామ్‌షాఫ్టులు తీసి, వాల్వుల మీది గిన్నెల్లాంటి బకెట్ల కింద లోతులో ఉన్న పదహారు స్ప్రింగులను అందుకోవాలి. క్రాంకుకూ క్యామ్‌షాఫ్టులకూ పొంతన కుదిర్చే టైమింగు మీద పట్టు లేనివారు అక్కడ చేయి పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అపోహ: పాత స్ప్రింగును సాగదీసినా, కింద వాషరు వేసినా కొత్తదానిలా పనిచేస్తుంది.

వాస్తవం: సాగదీసిన స్ప్రింగు కొద్దికాలంలోనే మళ్లీ కుంగుతుంది లేదా విరుగుతుంది. వాషరు సంగతి అంత తేలికగా కొట్టిపారేయదగినది కాదు. లేతు షాపులో వాల్వు సీటు (వాల్వు ఆని మూసుకునే అంచు) కోసినప్పుడు వాల్వు లోపలికి దిగి, దాని కాడ పైకి లేస్తుంది. స్ప్రింగు కూర్చునే ఎత్తు ఆ మేరకు పెరిగి, పట్టు తగ్గుతుంది. ఆ తేడాను సరిచేయడానికి కొలత ప్రకారం షిమ్ము, అంటే పలుచటి వాషరు, వేయడం సరైన పద్ధతే. కొలవకుండా వేస్తే మాత్రం వాల్వు పూర్తిగా తెరుచుకునే సమయంలో చుట్లు ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోతాయి. అవసరానికి మించి గట్టి స్ప్రింగు వేసినా లాభం లేదు, క్యామ్ అరుగుదల పెరుగుతుంది.

కంటిచూపుతో స్ప్రింగు మంచిచెడ్డలు తేల్చలేము. స్వేచ్ఛా పొడవును (నొక్కకుండా ఉన్నప్పటి పొడవు) వెర్నియరుతో కొలిచి, మూలమట్టం పక్కన నిలబెట్టి ఒరుగు చూసి, రెండింటినీ ఆ ఇంజను మాన్యువల్ పరిమితులతో పోల్చాలి. బలం కొలిచే యంత్రం లేకపోతే, పాతదాన్నీ కొత్తదాన్నీ మధ్యలో చదునైన రేకు పెట్టి బెంచి వైసులో కొసకు కొస చేర్చి నొక్కితే, బలహీనమైనది ఎక్కువగా కుంగుతుంది. ఉపరితలం మీద తుప్పు గుంటలు గానీ కటింగ్ ప్లయరు గీతలు గానీ ఉంటే కొలతలు సరిపోయినా పక్కన పెట్టాలి, పగులు మొదలయ్యేది అక్కడే.

అపోహ: ఆరుబయట చెట్టుకింద కూర్చొని తీరికగా చేసుకోవచ్చు.

వాస్తవం: ఆషాఢ గాలులు వీచే రోజుల్లో మన ఊళ్లో ఇది ఇంజనులో ఎర్రమట్టి పోసుకోవడమే. మూసిన షెడ్డులో, ఆయిలు దిగే రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ అడ్డుపెట్టి చేయాలి. లాకు ఒక్కటి ఆ రంధ్రాల్లోకి జారినా ఇంజను అడుగునున్న ఆయిలు ఛాంబరు దించవలసి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే నొక్కిన స్ప్రింగు జారితే లాకు ఎటు ఎగురుతుందో చెప్పలేము. బిగించేటప్పుడు లాకులకు కొద్దిగా గ్రీజు రాస్తే కాడను అంటుకొని నిలుస్తాయి. చుట్లు దగ్గరదగ్గరగా ఉన్న కొస హెడ్డు వైపు ఉండాలి. కొత్త సీళ్లు వేయకుండా పాత సీళ్ల మీదే కొత్త స్ప్రింగులు బిగించడం శ్రమ దండగ.

అన్నీ బిగించాక తాడు బయటికి తీశామని నిర్ధారించుకొని, ప్లగ్గులు వేయకముందే క్రాంకును పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఆ రెండు చుట్లలో ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకొని మూసుకుంటుంది. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా ఆపి, టైమింగ్ గుర్తులను మొదటి నుంచి చూసుకోవాలి.