చూసిన ముక్కను చూడనట్టు చేయలేం

దసరా సెలవుల్లో హనుమకొండలోనో జగిత్యాలలోనో నలుగురు రమ్మీకి కూర్చుంటే తప్పుకు లెక్క ముందే తేలి ఉంటుంది: రాంగ్ షో పెడితే 80 పాయింట్లు. నలుగురూ తలో ముక్క వేస్తే ఒక పట్టు; అలాంటి పట్టుల ఆట అయిన బ్రిడ్జిలో అలా తెగదు. 13 పట్టుల్లో అయిదో పట్టు దగ్గర తప్పు జరిగితే మిగతా ఎనిమిదీ ఆడి తీరాలి. అందుకే అక్కడ డైరెక్టర్ అనే తీర్పరి ఉంటాడు. తప్పు చేసినవారిని దండించడం అతని పని కాదు, ఎదుటి జంటకు జరిగిన నష్టం పూడ్చడం.

ఆఠీను తురుపు అనుకుందాం. డిక్లేరర్, అంటే వేలం గెలిచి ఆడే ఆటగాడు, డమ్మీ నుంచి, అంటే బల్లమీద పరిచిన తన జోడీ ముక్కల్లోంచి, ఇస్పేటు ఆసు ఆడించాడు. మీ చేతిలోని ఇస్పేటు నాలుగు ముక్క, కళావర్ల వెనక ఇరుక్కుంది. రెండూ నలుపే, కన్ను దాటేసింది. ఇస్పేటు లేదనుకుని ఆఠీనుతో కొట్టారు. అడిగిన రంగు చేతిలో ఉండీ ఇలా వేరేది వేయడాన్ని రివోక్ అంటారు.

డైరెక్టర్ మొదట చూసేది ఒక్కటే: మీరు గానీ మీ జోడీ గానీ తర్వాతి పట్టుకు ముక్క వేశారా? వేయకపోతే తప్పు దిద్దుకోవాలి. ఇస్పేటు నాలుగు వేస్తారు. మీ తర్వాత ఆడిన ఎదుటివారు తమ ముక్క మార్చుకోవచ్చు. మీ ఆఠీను మాత్రం చేతిలోకి రాదు. బల్లమీద తెరిచే ఉంటుంది, నిబంధన ఒప్పుకున్న మొదటి అవకాశంలో దాన్ని ఆడాలి. అదే తప్పు డిక్లేరర్ చేస్తే ముక్క తిరిగి చేతిలోకి వెళ్తుంది. పక్షపాతంలా కనిపించినా కారణం గట్టిది. డిక్లేరర్ జోడీ ముక్కలు పరిచేసి కూర్చుంటాడు, ఏం చూసినా అతనికి ఉపయోగం లేదు. మీ జోడీ మాత్రం ఇంకా ఆలోచించి ఆడుతున్నాడు, మీ ఆఠీను అతని కంట పడింది.

తర్వాతి పట్టుకు మీ జంట ముక్క పడిపోయిందా, ఇక వెనక్కి లేదు. ఆట పూర్తయ్యాక లెక్క చూస్తారు. రివోక్ చేసిన పట్టు మీరే గెలిచి, ఆ తర్వాత మీ జంటకు ఇంకొకటైనా వచ్చి ఉంటే రెండు పట్టులు ఎదుటివారికి పోతాయి. ఆ పట్టు మీరు గెలవకపోయినా, దాన్ని మీ జోడీ గెలిచి ఉంటే లేదా తర్వాత మీ జంటకు ఏదైనా పట్టు వచ్చి ఉంటే ఒకటి పోతుంది. అంతకుముందు గెలిచినవాటిని ముట్టరు, ఈ తప్పు వాటికి తోడ్పడలేదు కదా.

ఒక్కోసారి రెండు పట్టులూ చాలవు. డమ్మీలో గెలిచే కళావర్లు నాలుగున్నాయి, వాటిని చేరడానికి ఆ ఇస్పేటు ఆసు ఒక్కటే దారి అనుకోండి. మీ తురుపుతో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు 2017 నాటి డూప్లికేట్ బ్రిడ్జి (అవే ముక్కలను పలు బల్లల దగ్గర ఆడే పోటీ బ్రిడ్జి) నిబంధనల ప్రకారం, రివోక్ జరగకపోతే వచ్చి ఉండే స్కోరును డైరెక్టర్ ఇస్తాడు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలోనూ చిక్కు ఇదే. పొరపాటున ఒక కార్డు ఎక్కువ తీస్తే, చేతిలో కలిసిపోయాక ఏది అదనమో ఎవరూ చెప్పలేరు. అందుకే చేయి ప్రత్యర్థికి చూపిస్తారు, పోవాల్సిన కార్డును అతనే ఎంచుతాడు. కావాలని ఎక్కువ తీసినవాడికీ లాభం మిగలదు.

బల్ల దగ్గర ఆటగాళ్లు తమలో తాము సర్దుకోవడం అసలు తప్పు. తొలి ముక్క వంతు కాని చేతి నుంచి పడితే డిక్లేరర్‌కు 5 దారులుంటాయి. డైరెక్టర్ చెప్పకపోతే తనకు మేలు చేసే దారి తెలియకుండానే పోవచ్చు.

ఇంటి ఆటలో పట్టును ఊడ్చి కుప్ప పెడతాం, సాక్ష్యం అందులోనే పోతుంది. డూప్లికేట్‌లో ఎవరి ముక్క వారి ముందే వరసగా బోర్లా ఉంటుంది, గెలిచిన పట్టుది నిలువుగా, ఓడినది అడ్డంగా. 13 పట్టులూ అయ్యాక అనుమానం వచ్చినా సరే, డైరెక్టర్ మీ వరసలో అయిదో ముక్క తిప్పితే ఆ ఆఠీను అక్కడే ఉంటుంది.