చిన్న ఓడకు చిన్న ఫిరంగి: అపోహలు – వాస్తవాలు

పాతకాలపు తెరచాప యుద్ధనౌకల మోడళ్లు కట్టడం నా పని. ఉండేది ప్రొద్దుటూరు. మోడల్ చూడ్డానికి వచ్చినవాళ్లు తెరచాపల వైపు ఒకసారి తలెత్తి చూస్తారు, ఆ తర్వాత వంగి ఫిరంగుల దగ్గరే ఆగిపోతారు. కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రాళ్లు ఫోన్ చేసి అడిగేవి కూడా చాలావరకు ఫిరంగుల గురించే. ఎక్కడెక్కడో విన్న మాటలు కొన్ని వాళ్ల బుర్రలో గట్టిగా నాటుకుపోయి ఉంటాయి. అవి తొలగితే తప్ప పని సాగదు కాబట్టి, నేను తరచుగా వినేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఉదాహరణకు ఒకే ఓడను తీసుకుంటాను: ట్రింకోమలీ. బొంబాయి డాక్‌లో వాడియా కుటుంబం టేకుతో కట్టి 1817 అక్టోబరులో నీళ్లలోకి దించిన బ్రిటిష్ ఫ్రిగేట్, అంటే మధ్యరకం యుద్ధనౌక. ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీళ్ల మీదే ఉంది. మన దేశపు వడ్రంగుల చేతిపని కాబట్టి ఈ ఓడ మీద నాకు మమకారం ఎక్కువ. స్కేలు 1:64, అంటే అసలు కొలతలో 64వ వంతు అనుకుందాం.

అపోహ: ఫిరంగి అంటే ఇత్తడి. తళతళా మెరవాలి.

"ఇంత కష్టపడి చేసి నల్లరంగు పూస్తావేందన్నా? ఇత్తడి మెరస్తాంటే ఎంత బాగుంటాది!" అని అందరూ అనేదే. మెరుపు కావాలా వద్దా అన్నది ఓడ ఏ ఏటిదో చూసి తేల్చుకోవాలి. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిపోయిన స్వీడన్ ఓడ వాసా మోడల్ కడితే కంచు రంగు సరైనదే, దాని పెద్ద ఫిరంగులు కంచువే. కంచు ఖరీదైన లోహం. వందల ఫిరంగులు కావాల్సి వచ్చేసరికి నౌకాదళాలు పోత ఇనుముకు మళ్లాయి. ట్రింకోమలీ నాటికి బ్రిటిష్ యుద్ధనౌకల మీద ఉన్నవి దాదాపు అన్నీ ఇనుప ఫిరంగులే. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా వాటికి నల్లరంగు పూసేవాళ్లు. 1817 నాటి ఓడ మీద ఇత్తడి మెరుస్తోందంటే, ఎంత నైపుణ్యంగా చేసినా అది ఆ ఓడ ఫిరంగి కాదు.

రంగు విషయంలో ఒక మాట. కారునలుపు పూయకండి. చిన్న వస్తువు మీద కారునలుపు వేస్తే గొట్టం చుట్టూ ఉండే కట్టులు, మెట్లు అన్నీ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తుంది. నలుపులో కొంచెం బూడిదరంగు కలిపి, మెరుపు లేని రంగు వేయండి. ఇత్తడికి రంగు పట్టాలంటే ముందు చింతపండు గుజ్జుతో బాగా తోమి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ఎసిటోన్‌తో తుడవాలి. ఆపైన వేలు తగలకూడదు. లోహానికి పట్టే ప్రైమర్ ఒక పూత వేశాకే నలుపు. నగలకు నలుపు తెప్పించే గంధకపు మందు ఇత్తడి మీద సరిగ్గా పనిచేయదు, వెండికీ రాగికీ అయితే సరే. ఈ మందు కోసం బంగారు అంగళ్ల చుట్టూ తిరిగేవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

అపోహ: 18 పౌండర్ అంటే ఫిరంగి బరువు.

కాదు, గుండు బరువు. 18 పౌండ్లు అంటే సుమారు 8 కిలోల ఇనుప గుండు. దాన్ని పేల్చే ఫిరంగి రెండు టన్నులకు దగ్గరగా తూగుతుంది. గుండు బరువు తెలిస్తే నోటి వెడల్పు తెలుస్తుంది, అక్కణ్నుంచి మిగతా కొలతలన్నీ పుట్టుకొస్తాయి. 18 పౌండర్ నోరు 5.29 అంగుళాలు. 1:64లో 2.1 మిల్లీమీటర్లు. ఫ్రిగేట్లలో వాడిన 8 అడుగుల రకం గొట్టం 38 మిల్లీమీటర్లు అవుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ 8 అడుగులు ఎక్కణ్నుంచి ఎక్కడికి? వెనకవైపు అన్నిటికన్నా లావుగా ఉండే కట్టు నుంచి మూతి అంచు దాకా. కట్టుకు వెనకాల ఉండే గుండ్రటి బుడిపె ఈ లెక్కలోకి రాదు. బుడిపెను కూడా కలిపేసి 38 మిల్లీమీటర్లు కోస్తే గొట్టం నాలుగు మిల్లీమీటర్ల దాకా పొట్టిదైపోతుంది. డెక్కు మీద వరసగా పెట్టినప్పుడు ఎందుకో తెలియదు గానీ ఓడ మొత్తం మొద్దుగా అనిపిస్తుంది.

అపోహ: లేత్ లేకుండా గొట్టం రాదు.

కడ్డీని తిప్పుతూ చెక్కే ఈ మిషన్ ఉంటే పని త్వరగా అవుతుంది, అంతవరకు నిజం. కానీ గొట్టం అందం మిషన్‌లో లేదు, కొలతలో ఉంది. లేత్ మీద తిప్పి కూడా మధ్యలో ఏ మెట్టూ లేకుండా ముల్లంగి దుంపలా సన్నబడే గొట్టాలు చేసినవాళ్లున్నారు. అసలు ఫిరంగి అలా ఉండదు. పొడవును ఏడు భాగాలు చేస్తే వెనక రెండు భాగాలు బాగా లావు, ఎందుకంటే మందుగుండు పేలేది అక్కడే. తర్వాత చిన్న మెట్టు దిగి, ఒక భాగానికి కొంచెం పైచిలుకు ఇంకాస్త సన్నం. మళ్లీ మెట్టు దిగి, చివరిదాకా నెమ్మదిగా సన్నబడుతూ పోయి, మూతి దగ్గర మళ్లీ ఉబ్బుతుంది. ఈ రెండు మెట్లు, మూతి ఉబ్బు సరిగ్గా వస్తే అడుగు దూరం నుంచే అది ఫిరంగి అని కన్ను ఒప్పుకుంటుంది.

నా పద్ధతి ఇది. 8 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని చేతి డ్రిల్ చక్‌లో బిగించి, డ్రిల్‌ను బల్లకు క్లాంప్ చేస్తాను. కడ్డీ రెండో కొస ఊగకుండా గట్టి చెక్కలో తొలిచిన రంధ్రంలో తిరుగుతుంది. అయితే తిప్పడం మొదలుపెట్టకముందే రెండు పనులు అయిపోవాలి. ఒకటి, నోటి రంధ్రం. కడ్డీ నిండు లావుగా ఉన్నప్పుడే నడిమధ్యన తొలచడం తేలిక. రెండోది, ట్రనియన్ల రంధ్రం. ట్రనియన్లంటే గొట్టానికి రెండు పక్కలా పొడుచుకొచ్చి, ఫిరంగిని మోసే చెక్క బండి మీద ఆనే ఇరుసుముక్కలు. గొట్టం ఏటవాలుగా అరిగాక రంధ్రం వేయబోతే బిట్ జారిపోతుంది, రెండు పక్కలూ సమంగా రావు. కడ్డీ ఇంకా అరగకుండా ఒకే లావుతో ఉన్నప్పుడే అడ్డంగా తొలిచేయాలి.

ఆ తర్వాత మార్కర్‌తో కట్టుల చోట్లు గుర్తుపెట్టుకుని, సన్న ఆకురాయి అంచుతో వాటికి రెండు పక్కలా గాడి తీస్తాను. గాళ్ల మధ్య భాగాన్ని చదును ఆకురాయితో దించుకుంటూ, పలచటి రేకులో కత్తిరించిన సగం ఆకారాన్ని ఆనించి చూస్తూ పోవడమే. రేకుకూ గొట్టానికీ మధ్య వెలుతురు కనిపించినంతసేపు పని అయిపోనట్టే. డ్రిల్ మెల్లగా తిరగాలి. ఇత్తడి రజను కంట్లో పడితే ప్రమాదం, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయవద్దు.

అపోహ: ట్రనియన్లు గొట్టం నడిమధ్యన ఉంటాయి.

పక్క నుంచి చూస్తే, ఆ కాలపు బ్రిటిష్ ఫిరంగులకు అవి మధ్యగీతకు కిందుగా ఉంటాయి. పొడవులో చూస్తే వెనక కట్టు నుంచి ఏడింట మూడు వంతుల దగ్గర, అంటే మన గొట్టానికి 16 మిల్లీమీటర్ల చోట. దానివల్ల వెనకభాగం కాస్త బరువెక్కువై, కింద దూర్చిన ఏటవాలు చెక్క మీద నిలకడగా కూర్చుంటుంది. ఆ చెక్కను ముందుకూ వెనక్కూ జరిపి మూతిని ఎత్తడం, దించడం చేసేవాళ్లు. మోడళ్లలో ఆ చెక్కను పెట్టకుండా వదిలేస్తే గొట్టం గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది.

అపోహ: పోత పోస్తే సులువు. సీసం కరిగించి పోసేయొచ్చు.

పోత సులువని ఎవరైనా అంటే నాకు గండికోట గుర్తొస్తుంది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఏలుబడిలో ఉండగా 1652లో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రా వివరాల్లో ఒక సంగతి రాశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి ఫిరంగులు పోయమని మాయే అనే ఫ్రెంచివాడికి అప్పజెప్పారట. ఒకటి పగిలిందట, ఇంకొకటి సగంలో ఆగిందట, ఒక్క ఫిరంగి కూడా పనికొచ్చేలా రాలేదట. జమ్మలమడుగు పక్కనే జరిగిన కథ ఇది. పోతలో గాలి, వేడి, అచ్చు మూడూ కుదరాలి, గొట్టం 38 మిల్లీమీటర్లదైనా సరే.

ఒకే రకం ఫిరంగులు పాతిక ముప్పై కావాలన్నప్పుడు పోత మంచి దారే. ఒక్క గొట్టం అపురూపంగా చేసి, దాని మీద రెండు ముక్కల సిలికాన్ అచ్చు తీసి, కలిపాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం రెజిన్ పోస్తే చాలు. "లోహం కాదు గదా" అని బాధపడక్కర్లేదు, నల్లరంగు పడ్డాక ఏ కన్నూ తేడా పట్టలేదు. మన కడప ఎండల్లో మాత్రం జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెజిన్ కలిపితే అచ్చులోకి పోసేలోపే గట్టిపడటం మొదలవుతుంది. తెల్లవారుజామున పోయండి.

సీసం జోలికి అసలు పోవద్దు. పాత బ్యాటరీల సీసం చవగ్గా దొరుకుతుంది, ఇంట్లో స్టవ్ మీదే కరుగుతుంది, కాబట్టే భయం. ఆ పొగ, ఆ మసి పిల్లలున్న ఇంట్లో విషం. ఆరోగ్యం సంగతి అటుంచినా, మోడల్‌కు కూడా అది చేటే. అద్దాల పెట్టెలో మూసిపెట్టినప్పుడు చెక్క నుంచీ కొన్ని జిగుర్ల నుంచీ వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని మెల్లగా తినేస్తుంది. కొన్నేళ్లకు ఫిరంగి మీద తెల్లటి పొడి పొంగుకొస్తుంది, కట్టులు రాలిపోతాయి. మ్యూజియంలలోని పాత ఓడ మోడళ్లకు పట్టిన రోగం ఇదే. లోహంతోనే పోయాలనుకుంటే సీసం కలవని తగరపు మిశ్రమం తెప్పించుకోండి.

అపోహ: ఓడ టేకుది కాబట్టి బండ్లు కూడా టేకుతో చేయాలి. లేదా మన ఎర్రచందనం ఉందిగా!

టేకు పోగు, అంటే కొయ్యలోని నారగీత, పెద్దది. ఒక అంగుళం బండి మీద ఆ గీతలు దూలం మీద పగుళ్లలా కనిపిస్తాయి. మోడల్‌కు కావలసింది పోగు కనిపించని మెత్తటి కొయ్య. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చక్కగా సరిపోతుంది, సన్నగా కోసినా అంచు విరగదు. ఎర్రచందనం మాట ఎత్తకండి. శేషాచలం, లంకమల, పాలకొండల్లాంటి తూర్పు కనుమల కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని చెట్టు అది. అనుమతి లేకుండా ముక్క దగ్గర పెట్టుకోవడం నేరం. ఎలాగూ ఆ బండికి రంగు పూసేస్తాం.

బండి చక్రాలు నాలుగూ ఒకే సైజు అనుకోవడం కూడా పొరపాటే. డెక్కు నడిమి నుంచి అంచులకు వాలుగా ఉంటుంది కాబట్టి బ్రిటిష్ బండ్లకు ముందు చక్రాలు కాస్త పెద్దవి.

బండికి కొట్టే చిన్న చిన్న కొక్కేల రింగులకు మా ఊరి కంసాలుల పద్ధతిని మించింది లేదు. రాగి తీగను కమ్మచ్చులో, అంటే తీగను సన్నం చేసే రంధ్రాల పలకలో లాగి 0.4 మిల్లీమీటర్లకు తెచ్చి, బిట్ కాడ చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టి, చుట్టను నిలువునా సన్నరంపంతో ఒక్క కోత కోస్తే అన్నీ ఒకే కొలత రింగులు రాలతాయి. గొలుసు రింగులు చేసేదీ ఇలాగే. నాకు నేర్పిన పెద్దాయన తీగను ముందు ఎర్రగా కాల్చి చల్లార్చమంటాడు. "కాల్చని తీగ మాట వినదు నాయనా" అంటాడు.

అపోహ: రక్తం కనపడకూడదని ఓడ లోపలంతా ఎర్రరంగు వేసేవాళ్లు.

వినడానికి బాగుంటుంది గానీ ఆధారం లేదు. ఎర్రమట్టి రంగు చవక, ఎక్కడైనా దొరికేది, కొయ్యకు మంచిది. అందుకే వాడారు. 1805 నాటి ట్రఫాల్గర్ నౌకాయుద్ధం నాటికే చాలా ఓడల్లో పసుపుమట్టి రంగు వచ్చేసింది.

అపోహ: 38 ఫిరంగుల ఓడ అంటే 38 చేస్తే చాలు.

అది తరగతి పేరు, లెక్క కాదు. ట్రింకోమలీ తరగతి ఫ్రిగేట్లకు ప్రధాన డెక్కు మీదే 28 పద్దెనిమిది పౌండర్లు. పై డెక్కుల మీద మరికొన్ని చిన్న ఫిరంగులు, వాటితోపాటు కారొనేడ్లు, అంటే స్కాట్లండ్‌లోని కారన్ కార్ఖానాలో పుట్టిన పొట్టి, తేలిక ఫిరంగులు. కారొనేడ్లను చాలాకాలం లెక్కలో కలపలేదు. సరిగ్గా 1817లోనే బ్రిటిష్ నౌకాదళం ఆ పద్ధతి మార్చింది, 38 ఫిరంగుల ఫ్రిగేట్లు కాగితం మీద 46 ఫిరంగులవి అయ్యాయి. కారొనేడ్‌కు పక్క ట్రనియన్లు ఉండవు, కింద రంధ్రమున్న చెవి ఒకటే. అది కూర్చునేది చక్రాల బండి మీద కాదు, జారే పలక మీద. కాబట్టి గొట్టం పొట్టిగా కోసి అదే బండి మీద పెడితే కుదరదు.

అపోహ: తాడు ఎంత లావుంటే అంత గట్టిగా, నిజంగా కనిపిస్తుంది.

పేలినప్పుడు ఫిరంగి వెనక్కి తన్ని డెక్కు దాటిపోకుండా ఆపే మోకు ఒకటుంటుంది. పాత పట్టికల్లో దాన్ని 7 అంగుళాలు అని రాసి ఉంటే, అది తాడు చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 7ను 3.14తో భాగిస్తే 2.2 అంగుళాలు, 1:64లో 0.9 మిల్లీమీటర్లకు కాస్త లోపు. ఈ సంగతి తెలియక 7 అంగుళాలనే అడ్డుకొలతగా తీసుకుంటే 2.8 మిల్లీమీటర్ల తాడు వస్తుంది, మన 18 పౌండర్ నోటి కంటే లావు. ఏ కొలత పట్టిక చూసినా తాళ్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి భాగహారం చేసుకోండి.

అపోహ: ఫిరంగులు చివర్లో చేసుకోవచ్చు.

ఓడ పక్కలకు పలకలు వేయకముందే కనీసం ఒక్క ఫిరంగి, బండితో సహా చేతిలో ఉండాలి. నాటు కొయ్యతో చేసినా సరే, కొలత నిజమైతే చాలు. దాన్ని డెక్కు మీద పెట్టి, మూతి ఎంత ఎత్తున వస్తుందో పెన్సిల్‌తో పక్కన గీసుకుని, ఆ గీతను బట్టే ఫిరంగి మూతులు బయటికి వచ్చే కిటికీలు కోయాలి. గొట్టం కిటికీకి నడుమ రావాలి, కింది అంచుకు తగలకూడదు, మూతి దించడానికి చోటుండాలి. ప్రధాన డెక్కు ఫిరంగులను పై డెక్కు పలకలు కప్పకముందే తాళ్లతో సహా కట్టేయాలి. కప్పాక పట్టకారు కూడా లోపలికి పోదు.