సిగ్నల్‌కు మనం కనిపిస్తున్నామా?

మన వరంగల్‌లో హన్మకొండ చౌరస్తాలోనో పోచమ్మ మైదాన్‌లోనో ఎర్రలైటు పడిందంటే అందరి కళ్లూ తగ్గుతున్న అంకెల మీదే ఉంటాయి. ఆ అంకెల్ని బట్టి సిగ్నల్ ఏ రకందో కూడా పోల్చుకోవచ్చు. పొద్దున పదింటికి ఎన్ని సెకన్లు ఆపిందో, బండ్లు పలచబడిన రాత్రి కూడా అన్నే ఆపితే అది గడియారం మీద నడిచే సిగ్నల్. ఎదురుగా వంద బండ్లున్నా ఒక్కటీ లేకున్నా దానికి ఒకటే. బండ్లను చూసి నడిచే సిగ్నల్ అయితే, వెనక ఇంకో బండి వస్తుంటే పచ్చలైటును కాస్త పొడిగిస్తుంది. ఎప్పుడు మారాలో దానికే ముందు తెలియదు కాబట్టి అక్కడ కచ్చితమైన అంకెలు చూపించడం కష్టం.

మరి బండి వచ్చిందని సిగ్నల్‌కు ఎట్లా తెలియాలి? 1928లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఛార్లెస్ ఆడ్లర్ అనే ఆయన సిగ్నల్‌కు మైకు తగిలించాడు. పక్క రోడ్డు మీంచి వచ్చిన డ్రైవరు ఆగి హారన్ కొడితే మైకు విని దారి ఇచ్చేది. హారన్ ఆగని మన చౌరస్తాల్లో అది ఒక్క పూట కూడా నడవదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే చక్రాల ఒత్తిడికి నొక్కుకునే పలకల్ని రోడ్డులో పాతి చూశారు. 1960లలో రోడ్డులో పాతే తీగచుట్టు వచ్చింది. చాలా దేశాల్లో ఇప్పటికీ దాన్నే విస్తారంగా వాడుతున్నారు.

దీని పని నాకు ఎప్పుడూ అబ్బురమే. స్టాప్ లైను దగ్గర తారును రంపంతో సన్నగా కోస్తారు. ఇంచుమించు 1.8 మీటర్ల చదరంగా తీగను మూడు నాలుగు చుట్లు పరిచి, గాడిని పూడ్చేస్తారు. పైకి కనిపించేది తారు మీద ఒక నల్లటి గీత, అంతే. ఆ తీగలో సెకనుకు వేల సార్లు దిశ మారే కరెంటు పారుతుంటుంది, దాని వల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కారు వచ్చి పైన ఆగితే దాని అడుగునున్న లోహంలో సుడి కరెంట్లు పుట్టి ఆ క్షేత్రానికి ఎదురు తిరుగుతాయి. దాంతో తీగచుట్టు ప్రేరకత్వం, అంటే కరెంటు మార్పును అడ్డుకునే గుణం, కొద్దిగా తగ్గి, కరెంటు పౌనఃపున్యం, అంటే సెకనుకు దిశ మారే లెక్క, కొద్దిగా పెరుగుతుంది. రోడ్డు పక్కనున్న పెట్టె ఆ తేడానే పట్టుకుంటుంది. గుళ్ల దగ్గర మనం దాటే మెటల్ డిటెక్టర్ గుమ్మం కూడా ఈ కుటుంబానిదే.

దీనికి బరువుతో సంబంధం లేదు. లారీ నిండా పత్తి ఉన్నా, ఖాళీగా ఉన్నా తేడా తెలియదు. నిజానికి నేలకు దగ్గరగా ఉండే చిన్న కారే ఎత్తైన లారీ కంటే బాగా తెలుస్తుంది. సైకిల్‌ది ఇంకో చిక్కు. చదరం నడిమధ్యలో ఆగితే అక్కడి క్షేత్రం కింది నుంచి పైకి ఉంటుంది, నిలువుగా నిలబడ్డ చక్రం గుండా దూరిపోయేది దాదాపు ఏమీ ఉండదు. అదే కోసిన గీత వెంబడి చక్రాలు పెడితే, తీగ మీదుగా అడ్డంగా వంగే క్షేత్రం చక్రంలోంచి దూరుతుంది, సైకిల్ దొరుకుతుంది. రెండు మూడు అడుగుల జరుగుబాటుతో ఒక మనిషి లెక్కలోకి వస్తాడు, లేదా రాడు.

ఒక్కో బండి ఒక్కో వరుసలో నిలబడే రోడ్ల కోసం పుట్టిన పరికరం ఇది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ దారిని గుర్తు చేసుకోండి: బస్తాల ట్రాలీ పక్కన ఆటో, ఆటోకు ట్రాక్టరుకు మధ్య సందులో రెండు బైకులు. ఏ చదరం మీద ఎన్ని బండ్లున్నాయో తీగ విడదీసి చెప్పలేదు. పైగా పైపుల కోసం ఒకసారి రోడ్డు తవ్వితే తీగ తెగినట్టే. మన రోడ్లకు స్తంభం మీది కెమెరానే నయమని నా అభిప్రాయం. వీడియోలో గీతలు గీసుకుని వాటిని దాటే బండ్లను లెక్కపెట్టుకుంటుంది, రోడ్డును కోయనక్కర్లేదు. జోరువానలో, రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో తడబడటం దాని బలహీనత.

కరెంటు అవసరం లేకుండా గమనించేది కూడా వీధిలో ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్లలో చాలా వాటికి పక్కన గాజు డబ్బా వేలాడుతుంది, లోపల నీలం గుళికలు. ఎండాకాలం మధ్యాహ్నం కూలర్లన్నీ తిరిగే వేళ లోపలి నూనె వేడెక్కి ఉబ్బి గాలిని బయటికి నెడుతుంది, తెల్లారేసరికి చల్లబడి మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఆ గాలి గుళికల మీదుగానే పోవాలి. నూనెలో తేమ చేరితే కరెంటును అడ్డుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి ఆ గుళికల్లోని సిలికా జెల్ తేమను మధ్యలోనే పీల్చేస్తుంది. గుళికల్లో కలిపిన కోబాల్ట్ క్లోరైడ్ తేమ తాకగానే నీలం నుంచి గులాబీకి మారుతుంది. మీ గల్లీలో గులాబీ రంగు కనిపిస్తే వాటిని ఆరబెట్టాలి, లేదా మార్చాలి. కొన్నింటిలో నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం కూడా వాడుతున్నారు.

ఇన్ని గమనించే వీధికి నడిచే మనిషి మాత్రం సరిగా ఆనడు. తీగచుట్టుకు లోహం కావాలి, మనిషిలో అది లేదు. రోడ్డు దాటే వ్యవధిని లెక్కకట్టేటప్పుడు ఇంజనీర్లు చాలాకాలంగా సెకనుకు 1.2 మీటర్ల నడకను కొలతగా తీసుకున్నారు. 20 మీటర్ల రోడ్డుకు అది 17 సెకన్లు. మోకాళ్ల నొప్పులతో సెకనుకు 0.8 మీటర్లే నడిచే ముసలామెకు 25 సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లు ఆమె కదులుతున్న బండ్ల మధ్యే ఉంటుంది.

సింగపూర్‌లో 2009 నుంచి దీనికో ఏర్పాటు తెచ్చారు. రోడ్డు దాటే చోట స్తంభానికున్న పెట్టెకు వృద్ధులు తమ కార్డు ఆనిస్తే పచ్చలైటు దారి వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్ల దాకా పెరుగుతుంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఊళ్ల నుంచి రోగులు, వాళ్ల వెంట ముసలివాళ్లు దిగే ఎంజీఎం ఆసుపత్రి ముందు ముందుగా పెట్టాల్సింది అలాంటి పెట్టె. కార్డు తెచ్చుకోనివాళ్ల కోసం దాని పక్కనే మామూలు బటన్ కూడా ఉండాలి.