ఉక్కపోతలో కాలీ: ఎండాకాలం అజిలిటీకి కొన్ని లెక్కలు

డాలస్ చుట్టుపక్కల బోర్డర్ కాలీ, రఫ్ కాలీ అనే గొర్రెల కాపరి జాతుల కుక్కల్ని పెంచుకుంటూ, అడ్డంకులు దాటుతూ గడియారంతో పరిగెత్తే అజిలిటీ పోటీలకు తీసుకెళ్లే తెలుగువాళ్లు మే నెల వచ్చిందంటే అడిగే ప్రశ్న ఒకటుంది: "పొద్దున ఆరింటికే, చల్లగా ఉన్నప్పుడే ప్రాక్టీస్ చేయిస్తున్నాం. అయినా మూడో రౌండుకే కుక్క సోలిపోతోంది, ఎందుకని?" ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత చూస్తే దీనికి జవాబు దొరకదు. గాలిలో తేమ ఎంత ఉందో, అది కుక్క ముక్కు చేసే పనికి ఎలా అడ్డుపడుతుందో చూడాలి.

ముందు వేడి ఎంత పుడుతుందో లెక్కేద్దాం. 18 కిలోల బోర్డర్ కాలీ ఊరికే పడుకుని ఉంటే దాని ఒంట్లో పుట్టే వేడి సుమారు 30 వాట్లు. గట్టిగా పరిగెడితే అది పది రెట్లు, అంటే 300 వాట్లు, అవుతుందనుకుందాం. పది నిమిషాలు ఆపకుండా బంతి విసిరి తెప్పిస్తే 180 కిలోజౌళ్లు. కిలో ఒంటి బరువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 3.5 కిలోజౌళ్లు పడుతుంది, 18 కిలోలకు 63. ఆ వేడి ఎటూ పోకపోతే ఒంటి ఉష్ణోగ్రత మూడు డిగ్రీల దాకా ఎక్కుతుంది. 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టిన కుక్క 41 దాటిపోతుంది.

ఇదే లెక్క పోటీలో పరుగుకు వేసి చూడండి. మాస్టర్స్ అనే పై స్థాయి పోటీ బాటలో 18 నుంచి 20 అడ్డంకులుంటాయి, మంచి కాలీ దాన్ని 40 సెకన్లలో ముగిస్తుంది. 12 కిలోజౌళ్లు, డిగ్రీలో ఐదో వంతు. పూర్తి వేగంతో పరిగెత్తింది కదా అని రెట్టింపు వేసుకున్నా అర డిగ్రీకి లోపే. పోటీ పరుగు కుక్కని ఉడికించదు. ఉడికించేది దానికి ముందూ వెనకా జరిగేది: వామప్ పేరుతో ఆడించిన బంతాట, రింగు పక్కన నిలబడి పక్క కుక్కల్ని చూస్తూ అరగంట మొరిగిన మొరుగుడు, ప్రాక్టీసులో "ఇంకొక్కసారి" అంటూ పదిసార్లు చేయించిన వీవ్ పోల్స్ (వరసగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పోవడం). లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పశువైద్యశాలల నుంచి సేకరించే వెట్‌కంపాస్ రికార్డుల ఆధారంగా 2020లో వచ్చిన అధ్యయనం కూడా ఇటే చూపిస్తుంది. బ్రిటన్ కుక్కలకు వచ్చిన వేడి జబ్బుల్లో నూటికి 74 పరుగు, వ్యాయామం వల్ల వచ్చినవే. ఎండలో నిలిపిన కారులో వదిలేయడం వల్ల వచ్చినవి నూటికి ఐదు.

పుట్టిన వేడి బయటికి ఎలా పోతుంది? చెమట అరికాళ్ల మెత్తల్లో తప్ప ఎక్కడా పట్టదు, అది లెక్కలోకి రాదు. బొచ్చు తక్కువున్న పొట్ట, గజ్జల దగ్గర కొంత పోతుంది. గాలి ఒంటి వేడికి దగ్గరపడేకొద్దీ అదీ తగ్గిపోతుంది. మిగిలింది రొప్పడం. ఇంత అందమైన యంత్రాంగం జంతుశాస్త్రంలో అరుదు, మన బడుల్లో మాత్రం "కుక్క నాలుకతో చల్లబడుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

అసలు చల్లబరిచేది ముక్కు. కాలీ పొడుగాటి మూతిలో కాగితంలా సన్నని ఎముకలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి, వాటి మీద ఎప్పుడూ తడిగా ఉండే పొర. ముక్కు పక్కనున్న ఒక గ్రంథి వేడి ఎక్కువైనప్పుడు నీరు ఊరించి ఆ పొరను తడుపుతుంది. మామూలుగా మనం ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదులుతాం. అప్పుడు లోపలికి వెళ్లేటప్పుడు వేడెక్కిన తడి గాలి, బయటికొచ్చేటప్పుడు చల్లని పొర మీద ఆ తడినీ వేడినీ కొంత తిరిగి వదిలేసి పోతుంది. నీళ్లు ఆదా అవుతాయి కానీ ఒళ్లు చల్లబడదు. 1970లో ష్మిట్-నీల్సన్ అనే జంతు శరీరశాస్త్రవేత్త, ఆయన సహచరులు కొలిచి చూపించింది ఏమిటంటే, రొప్పే కుక్క ముక్కుతో పీలుస్తుంది, ఎక్కువ భాగం నోటితో వదులుతుంది. తడి గాలి వెనక్కి ముక్కులోకి రాదు, పోయిన వేడి పోయినట్టే. నోరు ఎంత తెరవాలో, ముక్కుకు ఎంత పంపాలో మార్చుకుంటూ కుక్క తన చల్లదనాన్ని కుళాయి తిప్పినట్టు సర్దుకుంటుంది. వేడి మరీ ముదిరితే నోటితో కూడా పీలుస్తుంది. అది కుళాయి పూర్తిగా తెరిచేసిన దశ.

అందుకే ప్రాక్టీసులో పరుగుకీ పరుగుకీ మధ్య బంతి దాని నోట్లో వదలకండి. గాలి బయటికొచ్చే దారికి అడ్డంగా బంతి కరుచుకుని నిలబడ్డ కాలీ ఆనందంగానే కనిపిస్తుంది, చల్లబడడం మాత్రం సగంలో ఆగిపోతుంది. నోరు తెరవనివ్వని గుడ్డ మూతికట్టు వేసవిలో అసలే వద్దు.

ఇక్కడో చిక్కు ప్రశ్న. నిమిషానికి మూడొందల సార్లు ఊపిరి తీయడమంటే ఛాతీ కండరాలకు పెద్ద చాకిరీ. ఆ చాకిరీలో పుట్టే వేడి, పోయే వేడిని మింగేయాలి కదా? మింగేయదు, కారణం అనునాదం. ఉయ్యాలను తలుచుకోండి. దానికి తనదైన ఊపు ఒకటుంటుంది. సరిగ్గా వెనక్కొచ్చి తిరిగే క్షణంలో వేలితో నెడితే చాలు, ఎంతసేపైనా ఊగుతుంది. అంతకన్నా నిదానంగా ఊపాలంటే పట్టుకుని ఆపాలి, వేగంగా ఊపాలంటే బలంగా గుంజాలి, రెండింటికీ చేతులు నొప్పెడతాయి. కుక్క ఊపిరితిత్తులు, పక్కటెముకలు, డయాఫ్రం కలిసిన అమరికకూ సాగే గుణముంది, బరువుంది, కాబట్టి దానికీ సొంత ఊపుంది. క్రాఫర్డ్ అనే పరిశోధకుడు 1962లో కొలిస్తే అది సెకనుకు అయిదు పైచిలుకు, నిమిషానికి సుమారు 320. కుక్క రొప్పేదీ అదే వేగంతో! ఒకసారి ఊపు అందుకున్నాక కండరాలు వేలితో నెట్టినట్టు నెడితే చాలు. నెమ్మదిగా తీసే ఊపిరి నుంచి కుక్క మెల్లమెల్లగా వేగం పెంచుకోకుండా ఒక్కసారిగా మూడొందలకు ఎగబాకడం మీరు చూసే ఉంటారు. మధ్య వేగాల్లో ఖర్చెక్కువ, అందుకే అక్కడ ఆగదు. రొప్పడం ఉన్నట్టుండి ఆపి, నోరు మూసుకుని చూసి, మళ్లీ అదే వేగంతో మొదలుపెట్టేది కూడా ఇందుకే. ఈ ఊపిరి లోతు తక్కువ, గాలి చాలావరకు ముక్కూ శ్వాసనాళాల మధ్యే తిరుగుతుంది, కాబట్టి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోదు. వేడి హద్దు దాటితే మాత్రం ఊపిరి లోతవుతుంది, పొట్టా డొక్కలూ పెద్దగా ఎగిసిపడతాయి, కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోయి రక్తం క్షారంగా మారుతుంది. తేలికగా టకటకమనే రొప్పు డొక్కలెగరేసే రొప్పుగా మారిందంటే ఆ రోజుకు ప్రాక్టీస్ అయిపోయినట్టే.

ఇప్పుడు తేమ సంగతి. ఒక గ్రాము నీరు ఆవిరైతే 2.4 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. మన 180 కిలోజౌళ్లకు 75 గ్రాములు, చిన్న టీ గ్లాసుడు నీళ్లు ఆవిరైతే సరి. కుక్క వదిలే గాలి 39 డిగ్రీల దగ్గర నిండా తడితో ఉంటుందనుకుంటే ఘనపు మీటరులో సుమారు 48 గ్రాముల ఆవిరి. పీల్చిన గాలిలో అప్పటికే ఉన్నది తీసేస్తే మిగిలేదే లాభం. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న వడగాడ్పులో 10 గ్రాములుంటుంది, లాభం 38. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న ఉక్కపోతలో 24 గ్రాములుంటుంది, లాభం 24. గాలి పది డిగ్రీలు చల్లగా ఉన్నా ముక్కు పని మూడో వంతు పైగా పడిపోయింది. హ్యూస్టన్‌లోనైనా విశాఖలోనైనా ఇదే కథ. ఊపిరికి 100 మిల్లీలీటర్లు, నిమిషానికి 300 ఊపిర్లు వేసుకుని చూస్తే, ఆ 75 గ్రాముల్ని ఒక్క రొప్పుతోనే వదిలించుకోవడానికి వడగాడ్పులో గంట పైన, ఉక్కలో గంటా ముప్పావు దాకా పడుతుంది. పరిగెత్తేటప్పుడు కుక్క ఇంకా ఎక్కువ గాలి పీలుస్తుంది, చర్మం నుంచీ కొంత పోతుంది, కాబట్టి అసలు సమయం ఇంతకన్నా తక్కువే. కానీ రెండు నిమిషాల విరామం ఎందుకు చాలదో ఈ లెక్కతో తెలిసిపోతుంది.

డాలస్‌లో తెల్లవారుజామున గాలి చల్లగానే ఉంటుంది కానీ ఉక్కగా ఉంటుంది. సాయంత్రం తేమ కాస్త తగ్గినా నేల కాలుతుంటుంది, ఎండ వీపు మీద పడుతుంది. రెండింట్లో పొద్దున్నే మేలు, అందులో సందేహం లేదు. అయితే ఫోన్‌లో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ చూడండి, అంటే గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత; అది ఎంత ఎక్కువుంటే గాలిలో తేమ అంత ఎక్కువ. అది 15 డిగ్రీల సెల్సియస్ లోపుంటే మామూలు ప్రాక్టీస్. 20 దాటితే సగానికి కోయండి. 24 దాటిన రోజు పరుగు మానేసి నీడలో స్టార్ట్‌లైన్ స్టే (పిలిచేదాకా మొదటి గీత దగ్గర కదలకుండా ఉండడం), కాంటాక్ట్ దగ్గర, అంటే ఎక్కి దిగే అడ్డంకి చివర తప్పక కాలు పెట్టాల్సిన చోట, రెండు కాళ్లు కింద రెండు పైన పెట్టి ఆగడం, కుడి ఎడమ మలుపుల మాటలు నేర్పండి. ఇవన్నీ వేడి పుట్టించని పాఠాలే, పోటీల్లో పాయింట్లు పోయేదీ వీటి దగ్గరే.

పరుగు చేయించే రోజు 30, 40 సెకన్ల ముక్కలు మూడు, మధ్యలో కనీసం పది నిమిషాలు. మళ్లీ మొదలుపెట్టడానికి గుర్తు గడియారం కాదు, కుక్క నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకోవడం. తిండి పరుగుకు మూడు గంటల ముందే అయిపోవాలి, అరుగుదల కూడా వేడి పుట్టిస్తుంది. నీళ్లు వంద మిల్లీలీటర్ల చొప్పున తరచుగా ఇవ్వండి. ఏ-ఫ్రేమ్ (ఇంటి కప్పులాంటి ఏటవాలు పలకలు), డాగ్‌వాక్ (ఎత్తైన సన్నటి వంతెన) మీద ముదురు రంగు రబ్బరు పూత ఎండకు బాగా కాలుతుంది, చేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్కని ఎక్కించకండి. ఎండకు ఒళ్లు అలవాటుపడడానికి రెండు వారాలు కావాలి, పూర్తిగా అలవడాలంటే రెండు నెలలు. ఏసీ ఇంట్లో పెరిగే కాలీని వారానికోసారి ఎండలోకి తెస్తే ఆ అలవాటు ఏర్పడదు.

కాలీతో ఇంకో ఇబ్బంది, అది తనంతట తాను ఆగదు. బోర్డర్ కాలీ ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో తయారైన కుక్క. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క రక్తం నేటి బోర్డర్ కాలీలన్నింటిలో ఉందంటారు. ఆ చల్లని కొండల్లో అలసట పట్టించుకోని కుక్కనే కాపరులు తరతరాలుగా ఏరుకున్నారు. అందుకే గుర్తులు మనమే పట్టాలి. నాలుక కొస గరిటెలా వెడల్పయి అంచులు పైకి లేవడం, పెదవులు చెవులవైపు గుంజుకుపోవడం, కళ్లు చికిలించడం, మలుపులు వెడల్పుగా తీయడం, దూకేటప్పుడు ఎప్పుడూ పడగొట్టని అడ్డకర్ర (బార్) పడగొట్టడం. చివరి రెండూ శిక్షణ లోపమని పొరబడి మళ్లీ చేయిస్తారు, అక్కడే ప్రమాదం.

ఈ జాతిలో ఎక్కువగా కనిపించే బోర్డర్ కాలీ కొలాప్స్ అనే స్థితి ఒకటుంది. అయిదు నుంచి పదిహేను నిమిషాల గట్టి పరుగు తర్వాత కుక్క మత్తుగా చూస్తుంది, వెనక కాళ్లు బిగుసుకుని గోళ్లు నేలకు రాసుకుంటాయి, మలుపులో తూలుతుంది. సాధారణంగా అయిదు నుంచి ముప్ఫై నిమిషాల్లో లేచి ఏమీ జరగనట్టు తిరుగుతుంది. లాబ్రడార్లలో ఇలాంటి జబ్బు తెచ్చే జన్యుదోషం వీటిలో లేదని సస్కచవాన్, మిన్నెసోటా విశ్వవిద్యాలయాల పరిశోధకులు తేల్చారు. ఒకసారి ఇలా అయిన కుక్కకు వేసవి బంతాట శాశ్వతంగా మానిపించాలి. వాంతులు, రక్త విరేచనాలు, ఎర్ర ఇటుక రంగు చిగుళ్లు, తెలివి తప్పడం ఉంటే అది వడదెబ్బ, దానికదే తగ్గుతుందని కూర్చోకూడదు.

చల్లబరచడం గురించి మూఢనమ్మకాలు చాలా ఉన్నాయి. చన్నీళ్లు పోస్తే రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందన్నది వాటిలో మొండిది. ముందు చల్లబరచు, తర్వాతే బండెక్కించు అన్నది ఇప్పటి వైద్య సూత్రం. ఒంటికన్నా చల్లగా ఉన్న ఏ నీళ్లయినా పనికొస్తాయి. కాలీకి రెండు పొరల బొచ్చు ఉంటుంది, పైన పోసిన నీళ్లు జారిపోతాయి. వేళ్లతో బొచ్చు పాయలు తీసి చర్మం తడిసేలా పొట్ట, గజ్జలు, చంకల్లో పోసి ఫ్యాను పెట్టండి. ఆ 75 గ్రాముల నీరు ముక్కులో బదులు చర్మం మీద ఆవిరైనా వేడి అంతే పోతుంది. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే కాసేపటికి అది వెచ్చబడి దుప్పటైపోతుంది. చల్లబరిచే కోటుదీ ఉక్కపోతలో అదే గతి. గుదంలో పెట్టే డిజిటల్ థర్మామీటరు దగ్గరుంచుకోండి. ఆగాక కూడా అయిదు పది నిమిషాలు ఉష్ణోగ్రత ఎక్కుతూనే ఉంటుంది, 39.5కి దిగాక నీళ్లు పోయడం ఆపేయండి. బొచ్చు గొరిగించడం కన్నా ఏప్రిల్‌లో లోపలి ఉన్నిని దువ్వి తీసేయడం మేలు, పై పొర ఎండకు గొడుగు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వర్కింగ్ డాగ్ సెంటర్ 2024లో వెలువరించిన ఫలితం ప్రతి కాలీ ఇంటికీ పనికొస్తుంది. వ్యాయామం చేసిన కుక్కలు తమంతట తాము మూతీ తలా నీళ్లలో ముంచితే, మిగతా పద్ధతులకన్నా త్వరగా చల్లబడ్డాయి. మంచునీళ్లు కూడా కావు, 22 డిగ్రీల నీళ్లే. దీన్ని వేసవికి ముందే, కుక్క చల్లగా ఉన్నప్పుడే నేర్పాలి. వెడల్పాటి పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి అడుగున తినుబండారం వేయండి. జంకు లేకుండా తీసుకుంటుంటే అయిదు, పది, తర్వాత కళ్లు మునిగేదాకా లోతు పెంచి బకెట్‌కు మారండి. తల పట్టి ముంచడం ఎప్పుడూ వద్దు. రొప్పే కుక్క ఊపిరి బిగబట్టుకునే క్షణం తనే ఎంచుకోవాలి, లేకుంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మనవాళ్లకు ప్రత్యేకంగా రెండు మాటలు. వడదెబ్బకు విరుగుడని మజ్జిగలో ఉల్లిపాయ ముక్కలు వేసి కుక్కకు కూడా పోయడం కనిపిస్తుంది. ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, కిలో బరువుకు 15 గ్రాములు చాలు రక్తం దెబ్బతినడానికి. రెండోది మందుల సంగతి. రఫ్ కాలీల్లో పదింట ఏడింటికి ఎమ్‌డీఆర్1 జన్యుదోషం ఒక కాపీ అయినా ఉంటుంది, బోర్డర్ కాలీల్లో అరుదు. మెదడులోకి చొరబడే మందుల్ని తిరిగి బయటికి నెట్టే పంపు ఆ దోషం వల్ల పనిచేయదు. దీన్ని 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కనుక్కున్నారు. వేసవి పిడుదులకూ గజ్జికీ మన ఊళ్లలో విరివిగా పొడిచే ఐవర్‌మెక్టిన్ ఇలాంటి కాలీని కోమాలోకి నెట్టగలదు. గుండె పురుగులకు నెలనెలా ఇచ్చే కిలోకు 6 మైక్రోగ్రాముల మోతాదు వీటికీ సురక్షితమే, గజ్జికి వాడే 300 నుంచి 600 మైక్రోగ్రాములు మాత్రం కాదు. ప్రయాణంలో విరేచనాలకు ఇచ్చే లోపెరమైడ్, బండిలో మత్తుకు వాడే ఏసిప్రోమజైన్ కూడా ఇదే జాబితాలోవి. ఏసిప్రోమజైన్ ఒళ్లు తన వేడిని సర్దుకునే శక్తిని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి, జన్యువు బాగున్న కాలీకీ వేసవి ప్రయాణంలో దాన్ని తప్పించమని వెట్‌ని అడగండి. బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో పరీక్ష అయిపోతుంది, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. ఆ ఫలితాన్ని టీకాల కార్డు మొదటి పేజీలో అంటించండి, పోటీ ఊళ్లో కొత్త డాక్టరు మొదట తెరిచేది ఆ పేజీనే.