చెవికి పోగు, మండుటెండలో స్వెటర్

చిరంజీవులకు,

మొన్న ఫోనులో మీరిద్దరూ మాక్స్‌వెల్ గురించి పోట్లాడుకుంటుంటే విన్నాను. ఆస్ట్రేలియాకు అంత చిత్రమైన ఆల్‌రౌండర్ అంతకుముందు ఎవరూ లేరని తేల్చేశారు. ఉన్నాడర్రా. పేరు గ్రెగ్ మాథ్యూస్. మీరు పుట్టడానికి చాలా ముందే ఆట మానేశాడు కాబట్టి మీకు తెలియకపోవడంలో వింత లేదు.

న్యూసౌత్‌వేల్స్‌లోని న్యూకాజిల్‌లో 1959లో పుట్టాడు. బ్యాటు పడితే ఎడమచేతి వాటం, బంతి పడితే కుడిచేతి ఆఫ్‌స్పిన్. దీంట్లో వింతేమీ లేదు. వింతంతా మనిషిలో ఉంది. బూన్, మెర్వ్ హ్యూస్ లాంటి మీసాలరాయుళ్లున్న కాలంలో ఇతను చెవికి పోగు పెట్టుకుని, జుట్టుతో ప్రయోగాలు చేసుకుంటూ తిరిగేవాడు. ఫీల్డింగ్ చేస్తూ చేస్తూ లేని గిటారును వాయించేవాడు. జనం ఆ వేషాలనే గుర్తుపెట్టుకున్నారు. నా ఫిర్యాదు అదే.

1983 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో పాకిస్థాన్ మీద మొదటి టెస్టు ఆడి 75 పరుగులు చేశాడు. ఆ వెంటనే ఆస్ట్రేలియా జట్టుకు మూలస్తంభాలైన గ్రెగ్ చాపెల్, లిల్లీ, మార్ష్ ముగ్గురూ ఒకేసారి రిటైరయ్యారు. ఆస్ట్రేలియా అంత బలహీనంగా ఉన్న రోజులు తక్కువ. 1985లో బ్రిస్బేన్‌లో న్యూజిలాండ్ బౌలర్ హాడ్లీ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 15 వికెట్లు తీసి ఆ జట్టును చిత్తు చేశాడు. అంతటి దాడిని తట్టుకుని సెంచరీలు కొట్టినవారు ఇద్దరే: కెప్టెన్ అలన్ బోర్డర్, మన చెవిపోగు కుర్రాడు. బోర్డర్ 152 నాటౌట్, మాథ్యూస్ 115. ఆ సీజన్‌లోనే మెల్‌బోర్న్‌లో మన జట్టు మీద 100 నాటౌట్, తర్వాత వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద 130.

ఇక అసలు కథ 1986 సెప్టెంబరు, మద్రాసు, చెపాక్ మైదానం, మనకూ ఆస్ట్రేలియాకూ టెస్టు. ఆ ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా? డబుల్ సెంచరీ చేసిన డీన్ జోన్స్ వాంతులతో, తిమ్మిర్లతో సతమతమై చివరికి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించుకున్నాడు. అదే ఎండలో మాథ్యూస్ స్వెటర్ వేసుకుని, టోపీ పెట్టుకుని బౌలింగ్ చేశాడు! చూసినవాళ్లకు మతిపోయింది.

నవ్వుకున్నారు కదా, ఇప్పుడు లెక్క చూడండి. ఆస్ట్రేలియా తన రెండు ఇన్నింగ్స్‌లనూ 574, 170 దగ్గర డిక్లేర్ చేసింది, అంటే ఇక చాలని తానే ఆపేసింది. మనం మొదటి ఇన్నింగ్స్‌లో 397 చేశాం, అందులో కపిల్‌దేవ్‌వి 119. ఆ ఇన్నింగ్స్‌లో మాథ్యూస్‌కు ఐదు వికెట్లు. చివరి రోజు మన లక్ష్యం 348. గవాస్కర్ 90, అమర్‌నాథ్ 51, మన హైదరాబాదు అజహరుద్దీన్ 42 చేశారు. మాథ్యూస్ ఆ ఇన్నింగ్స్‌లో 39.5 ఓవర్లు వేశాడు. ఒక్కసారి మేడ మీదికి వెళ్లి ఎండలో దాదాపు 240 బంతులు వేసి చూడండి, చేయి ఏమవుతుందో నాకు చెప్పండి.

331 దాకా ఆరు వికెట్లే పోయాయి, గెలుపు మనదే అనుకున్నాం. అక్కడి నుంచి ఆస్ట్రేలియా మరో స్పిన్నర్ రే బ్రైట్ వికెట్లు కూల్చడం మొదలుపెట్టాడు. మన హైదరాబాదు శివలాల్ యాదవ్ మాథ్యూస్‌ను సిక్సర్ కొట్టి ఆశ పెంచి, బ్రైట్‌కు బౌల్డయ్యాడు. చివరి ఓవర్ మాథ్యూస్‌ది, కావలసింది నాలుగు పరుగులు, చేతిలో ఒక్క వికెట్. మొదటి బంతికి ఏమీ రాలేదు. రెండో బంతికి రవిశాస్త్రి రెండు, మూడో బంతికి ఒకటి తీశాడు. స్కోర్లు సమం. నాలుగో బంతిని మణీందర్ సింగ్ ఎలాగో ఆడాడు. ఐదోది ప్యాడ్‌కు తగిలింది. అంపైర్ విక్రమ్‌రాజు వేలెత్తాడు, ఎల్బీడబ్ల్యూ. బంతి బ్యాటుకు తగిలిందని మణీందర్ ఆ తర్వాత కూడా చెబుతూనే ఉన్నాడు. విక్రమ్‌రాజు మళ్లీ టెస్టుల్లో నిలబడలేదు.

దీన్ని డ్రా అనుకునేరు, కాదు. ఐదు రోజులూ అయిపోయి, చివర బ్యాటింగ్ చేసే జట్టు ఇంకా ఆలౌట్ కాకపోతే డ్రా. ఆ జట్టు ఆలౌటై, రెండు జట్ల మొత్తాలూ సమానమైతే టై. 574కు 170, 397కు 347 కలిపి చూడండి, రెండు వైపులా 744 వస్తుంది. ఇప్పటిదాకా ఆడిన 2,500కు పైగా టెస్టుల్లో ఇలా జరిగింది రెండే రెండుసార్లు, మొదటిది 1960లో బ్రిస్బేన్‌లో.

మాథ్యూస్ మొత్తం 33 టెస్టులు ఆడి 61 వికెట్లు తీశాడు. ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసింది రెండుసార్లు, ఆ రెండూ ఈ ఒక్క మ్యాచ్‌లోనే. బౌలింగ్ సగటు, అంటే ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, 48 దాటింది; అది ఎంత తక్కువైతే అంత మంచిది కాబట్టి బాగాలేదని మొహమాటం లేకుండా చెప్పాలి. కానీ ఎంత ఎక్కువైతే అంత మంచిదైన బ్యాటింగ్ సగటు 41.08. అదే కాలపు మహా ఆల్‌రౌండర్లు ఇమ్రాన్ 37, బోథమ్ 33, కపిల్ 31 దగ్గర ఆగారు. చెవిపోగు గురించి కథలు చెప్పేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

బౌలింగే అతన్ని దెబ్బతీసింది. 1987 జనవరిలో ఇంగ్లండ్‌తో సిడ్నీ టెస్టుకు అతన్ని తప్పించి పీటర్ టేలర్ అనే ఊరూపేరూ లేని ఆఫ్‌స్పిన్నర్‌ను తీసుకున్నారు. ఎవరితను అని పత్రికలు వెక్కిరించాయి, అతను ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీసి నోళ్లు మూయించాడు. మాథ్యూస్ దాదాపు నాలుగేళ్లు న్యూసౌత్‌వేల్స్‌కు ఆడుకుంటూ ఉండిపోయి, 1990లో తిరిగొచ్చి, సిడ్నీలో ఇంగ్లండ్ మీద 128 కొట్టాడు. 1992లో కొలంబోలో శ్రీలంక గెలుపు అంచున ఉన్నప్పుడు నాలుగు వికెట్లు తీశాడు. ఆ మ్యాచ్ చివరి మూడు వికెట్లు పరుగు ఇవ్వకుండా తీసిన కుర్రాడు షేన్ వార్న్. అందరికీ వార్నే గుర్తున్నాడు, సహజమే.

1993 జనవరిలో సిడ్నీలో మాథ్యూస్ 79 పరుగులు చేశాడు. అయితే ఆ టెస్టులోనే వెస్టిండీస్ బ్యాటర్ లారా 277 బాదాడు, మాథ్యూస్ బంతులూ నలిగిపోయాయి. తర్వాతి టెస్టుకు అడిలైడ్‌లో మరో ఆఫ్‌స్పిన్నర్ టిమ్ మే వచ్చి 9 పరుగులకే ఐదు వికెట్లు తీశాడు. మాథ్యూస్‌కు మళ్లీ పిలుపు రాలేదు. 79 కొట్టిన మనిషిని బౌలింగ్ బాగాలేదని తప్పించడం సబబేనా? మీ నాన్నను అడిగితే సబబే అంటాడు. మీరిద్దరూ ఏమంటారో రాయండి, ఫోనులో కాదు, కాగితం మీద.

మీ తాతయ్య